మలుపులో కారు మాట వినాలంటే లింక్ రాడ్డు మార్చాలా?

మా వీధి చివర మలుపు దగ్గర ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. దాన్ని నేరుగా ఎక్కితే నా పాత స్విఫ్ట్ నోరు మెదిపేది కాదు. ఏ ఆటో అయినా అడ్డం వచ్చి, కారును ఏటవాలుగా తిప్పి, ముందు ఎడమ చక్రం, ఆ తర్వాత కుడి చక్రం ఎక్కేలా పోనివ్వాల్సి వస్తే మాత్రం, కాళ్ల దగ్గర ఎవరో చిన్న సుత్తితో కొట్టినట్టు ‘టక్’ మని, మరుక్షణం ఇంకో ‘టక్’ మని వినిపించేది. అదే దిమ్మ, అదే వేగం, అదే కారు. ఎక్కే తీరు మారితేనే ఎందుకు చప్పుడు వస్తోందన్న సందేహం నన్ను చాలా దూరం తీసుకుపోయింది. ఆ దారిలో నేను 14 వేల రూపాయలు తగలేశాను కాబట్టి, నా వెనక రాబోయే వాళ్లకు నాలుగు మాటలు చెప్పే అర్హత కొంత సంపాదించుకున్నాననే అనుకుంటున్నాను.

చప్పుడు చేస్తున్నది లింక్ రాడ్డు. స్వే బార్, యాంటీ రోల్ బార్, స్టెబిలైజర్ బార్ అని రకరకాలుగా పిలిచే ఉక్కు కడ్డీ ఒకటి కారు ముందు భాగంలో అడ్డంగా, ఈ చక్రం వైపు నుంచి ఆ చక్రం వైపు దాకా ఉంటుంది. మా విశాఖ ఆటోనగర్‌లో దాన్ని బ్యాలెన్స్ రాడ్డు అంటారు. దాని రెండు చివర్లనూ చెరో పక్క సస్పెన్షన్‌కు కలిపే జానెడు, మూరెడు ముక్కలే ఎండ్ లింకులు, అంటే మన లింక్ రాడ్లు. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే ఈ కడ్డీ తన బుష్షుల్లో, అంటే దాన్ని పట్టి ఉంచే రబ్బరు తొడుగుల్లో, తిరిగి ఊరుకుంటుంది, ఎవరినీ అడ్డుకోదు. ఒక చక్రం లేచి మరొకటి లేవకపోతేనే, లేదా మలుపులో కారు ఒక పక్కకు ఒరిగితేనే, కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలిక విప్పుకోవడానికి అది చేసే ప్రయత్నమే కారును ఒరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. నా స్పీడ్ బ్రేకర్ చిక్కుముడి ఇక్కడే విడిపోయింది. నేరుగా ఎక్కినప్పుడు లింకుకు పని లేదు, ఏటవాలుగా ఎక్కినప్పుడు ఉంది. పని పడినప్పుడే అరిగిన కీలు అరుస్తుంది.

ఈ కడ్డీ ఆలోచన కొత్తదేమీ కాదు. కెనడాలోని ఫ్రెడరిక్టన్‌కు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919 ఏప్రిల్‌లోనే దీని మీద పేటెంటు పొందాడు. మన దేశంలో చాలామంది మెకానిక్కులకు చేయి తిరిగింది మారుతి 800 మీద కాబట్టి ఇంకో ముచ్చట కూడా చెప్పాలి: ఆ కారులో విడిగా లింక్ రాడ్డు లేనే లేదు. కడ్డీ చివరలే నేరుగా కింది ఆర్మ్‌లోకి బుష్షులతో దూరి, చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా కాపాడే పని కూడా చేసేవి. అందుకే పాతకాలపు మేస్త్రీలు ఇప్పటికీ ముందు నుంచి ఏ చప్పుడు వచ్చినా మొదట ‘బుష్షులు పోయాయి’ అంటారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు చదువు చెప్పిన కారు అలాంటిది.

ఇక అసలు వాదనకు వస్తాను. కారు హ్యాండ్లింగ్ మెరుగవుతుందని చెప్పి లింక్ రాడ్లు అమ్మేవాళ్లు ఒక విషయాన్ని మసకగా ఉంచుతారు. కారు ఒరగకుండా ఆపే బలం కడ్డీది, లింకుది కాదు. లింకు ఆ బలాన్ని చక్రం దగ్గర నుంచి కడ్డీకి, కడ్డీ దగ్గర నుంచి చక్రానికి చేరవేసే మనిషి మాత్రమే. కడ్డీ గట్టితనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 24 మిల్లీమీటర్లది వేస్తే, మిగతా కొలతలన్నీ అవే అయితే, గట్టితనం సుమారు 42 శాతం పెరుగుతుంది. లింకును ఎంత లావుగా చేసినా, దానికి ఎంత మెరుగు పెట్టినా, ఎర్ర రంగో నీలి రంగో పూసినా ఇలాంటి పెరుగుదల రాదు. మంచి లింకు చేయగలిగిందల్లా మధ్యలో ఏమీ తినేయకుండా మొత్తం చేరవేయడం. చెడ్డ లింకు కొంత తినేస్తుంది. ఈ తినేయడం ఎంత అన్నదాని మీదే ఎంపిక అంతా ఆధారపడి ఉండాలని నా అభిప్రాయం.

ఎంత తింటుందో లెక్క వేసి చూశాను. నా కారు రెండు ముందు చక్రాల మధ్య దూరం మీటరున్నరకు కాస్త తక్కువ. మలుపులో కారు 2 డిగ్రీలు ఒరిగిందనుకుంటే, బాడీతో పోల్చితే ఒక చక్రం దాదాపు 26 మిల్లీమీటర్లు పైకి, మరొకటి అంతే కిందికి జరుగుతాయి, అంటే కడ్డీ చివరల మధ్య తేడా 50 మిల్లీమీటర్లు దాటుతుంది. ఒక్కో లింకులో ఒక మిల్లీమీటరు చొప్పున లూజు ఉంటే పోయేది అందులో 2 మిల్లీమీటర్లు, నూటికి నాలుగు వంతులు. దీనికోసమా ఇంత గొడవ అనిపిస్తుంది. కానీ స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టిన తొలి క్షణంలో కారు 2 డిగ్రీలు ఒరిగి ఉండదు. పావు డిగ్రీ ఒరిగిన చోట ఆ తేడా ఆరున్నర మిల్లీమీటర్లే, అందులో 2 మిల్లీమీటర్లు అంటే దాదాపు మూడో వంతు. అరిగిన లింకులున్న కారు మలుపు మధ్యలో బాగానే నిలబడుతుంది గానీ మలుపులోకి దిగేటప్పుడు ఒక్క క్షణం ‘ఏమిటీ, పిలిచారా?’ అన్నట్టు ఆలస్యంగా స్పందిస్తుంది. అనంతగిరి ఘాట్‌లో ఎస్ ఆకారపు మలుపుల మీద ఒక వైపు నుంచి మరో వైపుకు వెంటవెంటనే తిప్పాల్సి వచ్చినప్పుడు నన్ను చికాకు పెట్టింది ఈ ఆలస్యమే.

ఆ చికాకుకు మందు అనుకుని నేను కొన్నవి విదేశీ లింకులు: రెండు చివర్లా నూనె అక్కర్లేని గుండ్రటి లోహపు కీళ్లు, మధ్యలో పొడవు పెంచుకునేందుకూ తగ్గించుకునేందుకూ వీలైన మరలు, చూడ్డానికి బంగారు నగల్లా మెరుపు. వేయించిన వారానికే ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాను. గాలికొండ దగ్గరికి చేరేసరికి నా మొహం వెలిగిపోతోంది. స్టీరింగ్ తిప్పిన వెంటనే కారు తిరుగుతోంది, ఆ పాత ఆలస్యం మాయమైంది. డబ్బు సద్వినియోగమైందని అందరికీ చెప్పుకున్నాను. నేను గమనించనిది ఒక్కటే. ఆ తేడా కొత్త లింకుల ఖరీదు వల్ల వచ్చింది కాదు, పాత లింకుల లూజు పోవడం వల్ల వచ్చింది. జత రెండు వేల రూపాయల లోపు దొరికే మామూలు కొత్త లింకులు వేసినా ఆ రోజు గాలికొండ మీద నా మొహం అంతే వెలిగేది.

జూన్ దాటి వానలు పడ్డాయి. సముద్రం పక్క ఊళ్లో గాలిలోనే ఉప్పు ఉంటుందని, మా ఇంటి కిటికీ ఊచలు ఏటా రంగు అడుగుతాయని తెలిసి కూడా, బూటు, అంటే నీరూ ఇసుకా చొరబడకుండా కాపాడే రబ్బరు తొడుగు, లేని కీలును చక్రం పక్కన, బురద చిమ్మే చోట పెట్టుకున్నాను. గుండ్రటి కీలులో లోహపు బంతికీ దాని చుట్టూ ఉన్న గూటికీ మధ్య సన్నని టెఫ్లాన్ పొర ఉంటుంది. లూజు లేకపోవడానికి కారణం ఆ పొరే. ఇసుక, నీరు లోపలికి చేరితే ఆ పొర సానరాయి మీద పెట్టినట్టు అరిగిపోతుంది, అరిగాక బిగించే వీలు ఉండదు. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ ‘టక్’ మొదలైంది, ఈసారి పాతదానికంటే పెద్దగా, ఎందుకంటే మధ్యలో శబ్దాన్ని మింగే రబ్బరు గానీ గ్రీజు గానీ లేవు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఇవి రోడ్డు వాడకానికి కావు, గ్యారంటీ వర్తించదు అన్నారు. అమ్మేటప్పుడు ఆ మాట చిన్నగానైనా వినిపించి ఉంటే బాగుండేది.

ఇంకో వర్క్‌షాప్‌లో కారును జాకీ మీద లేపి, లింకు పట్టి ఊపి చూసి, అందులో ఏమీ లేదని, షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాలని చెప్పారు. నమ్మబుద్ధి కాక ఆటోనగర్‌లో నాకు పాతికేళ్లుగా తెలిసిన మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన జాకీ ముట్టుకోలేదు. కారును నాలుగు చక్రాల మీదే పిట్ మీదికి తెప్పించి, కిందికి దిగి, లింకును బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టుకుని కొద్దిగా ఊపాడు. నేను పక్కన వంగి చూస్తే, కీలు దగ్గర వెంట్రుకవాసి కదలిక కనిపించింది, వేలి కింద ‘టిక్’ మని తగిలింది.

“జాకీ ఎక్కిస్తే ఒక పక్క చక్రం వేలాడద్ది మాస్టారూ, రాడ్డు మెలిపడి లింకుని లాగి పట్టుకుంటాది. ఇంక మీరు ఎంత ఊపినా ఆడదు. ఆడట్లేదు కదా అని మంచిదే అనేస్తారు,” అన్నాడు. ఆపైన రెండు లింకులూ విప్పి, కడ్డీ చివరలు దేనికీ తగలకుండా కట్టేసి, పక్క సందులో ఉన్న గతుకుల మీద మెల్లగా ఒక చుట్టు తిప్పి రమ్మన్నాడు. చప్పుడు పూర్తిగా పోయింది. కారు మాత్రం పడవలా ఊగింది. అలా వేగంగా నడపడం ప్రమాదం కాబట్టి, ఈ పరీక్ష ఎవరు చేసినా సందు దాటకూడదు. షాక్ అబ్జార్బర్ల ఖర్చు తప్పింది. ఎంపిక గురించి ఎంత మాట్లాడుకున్నా, అసలు లింకు పోయిందో లేదో తేల్చుకోకుండా కొనడం దండగ.

మరి ఏది కొనాలి? మన రోడ్ల మీద, మన వానల్లో తిరిగే కారుకు, బూటు ఉన్న, లోపల గ్రీజు నింపి మూసిన బాల్ జాయింట్ లింకే సరైనదని నేను గట్టిగా చెబుతాను. అందులోనూ దుకాణంలో చేతిలోకి తీసుకున్నప్పుడు నేను ముందుగా చూసేది లింకు లావు కాదు, బూటు. రబ్బరు మెత్తగా ఉందా, రెండు చివర్లా తీగ చుట్టు గట్టిగా పట్టి ఉందా, స్టడ్డును, అంటే కీలు నుంచి బయటికి వచ్చే మర ఉన్న మేకును, పక్కకు పూర్తిగా వంచినప్పుడు బూటు గూటి నుంచి లేస్తోందా అన్నవి చూస్తాను, ఎందుకంటే ఈ భాగం చావు ఎప్పుడూ బూటు చిరగడంతోనే మొదలవుతుంది. స్టడ్డు వేలితో తిప్పితే గట్టిగా, ఒకే తీరున తిరగాలి. వదులుగా ఊగిసలాడినా, అక్కడక్కడా పట్టేసినట్టు అనిపించినా పక్కన పెట్టేయాలి. గ్రీజు నిపుల్, అంటే బయటి నుంచి గన్నుతో గ్రీజు ఎక్కించే చిన్న మూతి, ఉన్న రకం మంచిదే గానీ, ఏటా రెండుసార్లు గ్రీజు కొట్టే ఓపిక ఉన్నవాళ్లకే. గన్ను గట్టిగా నొక్కి బూటు పగలగొట్టే కుర్రాడి చేతిలో అది మామూలు లింకు కన్నా ముందే పోతుంది.

ప్లాస్టిక్ లింకులంటే చాలామందికి భయం. కంపెనీ డబ్బు మిగుల్చుకోవడానికి ప్లాస్టిక్ వేసిందని, ‘ఇనుపవి’ వేయించుకుంటే కారు గట్టిపడుతుందని అనుకుంటారు. గాజుపీచు కలిపిన నైలాన్‌తో చేసిన ఆ లింకు మీద పడేది ప్రధానంగా లాగుడూ తోపుడూ, వంపు కాదు. దానికి అది సరిపోతుంది, పైగా తుప్పు పట్టదు. దాన్ని తీసి ఉక్కుది వేసినంత మాత్రాన మలుపులో తేడా తెలియదు. పాలీయూరిథేన్ బుష్షుల రకం కూడా కొన్ని కార్లకు దొరుకుతుంది. రబ్బరు కన్నా తక్కువ నొక్కుకుపోతుంది కాబట్టి కబురు కాస్త త్వరగా చేరవేస్తుంది, కానీ దానికి తగిన గ్రీజు పెట్టకపోతే పాత మంచంలా కిర్రుమంటుంది. కంపెనీ బుష్షు లింకు ఉన్న బండ్లకు ఇది ఆలోచించదగ్గ మార్పే. బాల్ జాయింట్ ఉన్న బండికి దీని అవసరం లేదు.

పొడవు గురించి మాత్రం రాజీ పడకూడదు. ఒకే మోడల్‌కు తయారైన సంవత్సరాన్ని బట్టి, టైరు సైజును బట్టి లింకులు మారవచ్చు కాబట్టి, పాతదాన్ని విప్పి పక్కన పెట్టి స్టడ్డు మధ్య నుంచి స్టడ్డు మధ్యకు కొలవడం అన్నింటికన్నా నమ్మకమైన పద్ధతి. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి అయితే కారు నిలబడి ఉండగానే కడ్డీ మెలిపడి ఉంటుంది. అలాంటి కారు ఎడమకు ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంది. పొడవు మార్చుకునే లింకులకు నిజమైన ప్రయోజనం ఇక్కడే ఉంది. స్ప్రింగులు మార్చి కారును కిందికి దింపినవాళ్లకు, స్పేసర్లు వేసి పైకి లేపినవాళ్లకు, కడ్డీ చేయి కోణం తప్పి, లింకు పక్కనున్న డ్రైవ్ షాఫ్టుకో స్టీరింగ్ రాడ్డుకో తగిలే ప్రమాదం వస్తుంది. అప్పుడు సమతలమైన నేల మీద, సీట్లో నడిపే మనిషి కూర్చుని ఉండగా, ఒక పక్క లింకు బిగించి, రెండో పక్క స్టడ్డు ఏ బలమూ పెట్టకుండా రంధ్రంలోకి జారేంతవరకు పొడవు సర్ది, అది మళ్లీ మారకుండా చెకునట్టు బిగించాలి. కారు ఎత్తు ముట్టుకోనివాడికి ఈ మరలు అనవసరం. నాకు అనవసరమే. ఇంకా చెప్పాలంటే, సరిగా సర్దకపోతే లేని జబ్బును తెచ్చిపెట్టే సదుపాయం అది.

బిగించడంలో జరిగే తప్పులు కూడా తక్కువేం కాదు. నట్టు తిప్పుతుంటే స్టడ్డు కూడా తిరుగుతుంది. దాన్ని చివరన అలెన్ కీతో పట్టుకుని పానాతో బిగించాలి. ఇంపాక్ట్ గన్ను పెట్టి గిర్రున తిప్పితే బూటు లోపలే మెలిపడి మొదటి రోజే చిరుగుతుంది. నైలాన్ పట్టు ఉన్న నట్లను మళ్లీ వాడకూడదు. రెండు ముందు చక్రాలూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడే, అంటే రెండూ వేలాడుతూనో రెండూ నేల మీదో ఉన్నప్పుడే లింకు తీయాలి, వేయాలి. ఒక్క పక్కే జాకీ లేపి లాగితే కడ్డీ ఎదురు తిరుగుతుంది, అప్పుడు సుత్తి బయటికి వస్తుంది, సుత్తితో పాటు మర చెడుతుంది. ఎప్పుడూ జత మార్చాలన్నది నా పట్టుదల, రెండూ ఒకే రోడ్డు మీద అన్నేళ్లూ తిరిగాయి కాబట్టి.

ఇంతా చెప్పాక ఒక ఎదురు ప్రశ్న వస్తుంది: అయితే లావు కడ్డీయే వేసుకుంటే పోలేదా? వేసుకోవచ్చు, కానీ అది కూడా ఉచితంగా రాదు. వెయ్యి కిలోల కారు, బరువు కేంద్రం అర మీటరు ఎత్తులో, చక్రాల మధ్య మీటరున్నర అనుకుంటే, గురుత్వంలో సగం బలంతో మలుపు తిరిగినప్పుడు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు సుమారు 167 కిలోలు. ఏ కడ్డీ వేసినా ఈ మొత్తం దాదాపు అంతే ఉంటుంది. అందులో ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనక చక్రాలు ఎంత మోయాలి అన్నదే కడ్డీ నిర్ణయిస్తుంది. టైరు మీద బరువు రెట్టింపయితే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే పెరుగుతుంది. కాబట్టి ముందు కడ్డీని గట్టిపరిస్తే ముందు టైర్ల జత మొత్తం పట్టు తగ్గి, అసలే ముందు చక్రాలు లాగే కారు మలుపులో బయటికి జారడం ఎక్కువవుతుంది. ఒరగడం తగ్గింది కదా అని సంతోషించే మనిషికి, తిరగడం కూడా తగ్గిందని ఘాట్‌లో తడి రోడ్డు మీద తెలుస్తుంది. నా కారుకు 185/65 ఆర్15 టైర్లు ఆరేళ్లు పాతబడి గట్టిపడిపోయాయి. లింకుల మీద పెట్టిన ఆ 14 వేలు ముందు రెండు టైర్ల మీద పెట్టి ఉంటే అరకు దారిలో నాకు, నా వెనక కూర్చున్నవాళ్లకు మరింత మేలు జరిగేది.

అమెరికాలో మిచిగన్‌లో ఉండే మా పెద్దనాన్న కొడుకు ఈ కథ విని నవ్వాడు. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నాలుగేళ్లకు లింకు నట్టు స్టడ్డుతో కలిసి ఒకటే ముద్దయిపోతుందట, పానా పెడితే తిరగదు, గ్రైండరుతో కోసి తీయాల్సిందే. “నువ్వు మెరుపు చూసి కొన్నావురా, నేను కొత్త లింకుకి నట్టు ఏ పూతతో వచ్చిందో చూసి కొంటా,” అన్నాడు. విశాఖ ఉప్పుకూ మిచిగన్ ఉప్పుకూ తేడా ఉన్నా, ఆ మాట నేను పట్టుకున్నాను. ఇప్పుడు నట్టు బిగించాక బయటికి మిగిలిన మర మీద కాస్త గ్రీజు పూసి వదులుతున్నాను.

నా కారులో ప్రస్తుతం ఉన్నవి కంపెనీ కొలతల మామూలు బాల్ జాయింట్ లింకులు, రెండు వానాకాలాలు చూశాయి, ఏటవాలుగా ఎక్కించినా స్పీడ్ బ్రేకర్ మీద నోరు మెదపడం లేదు. ఆ బంగారు లింకులను పారేయబుద్ధి కాలేదు. కోయంబత్తూరు కరి ట్రాక్‌కు ఏడాదిలో రెండు మూడుసార్లు వెళ్లే నా పాత విద్యార్థి ఒకడు వచ్చి, చివరి కీళ్లు రెండూ కొత్తవి కొనుక్కుని, మధ్య రాడ్లు మాత్రం తీసుకుపోయాడు. వాడి కారు బాగా కిందికి దింపి ఉంది, కడ్డీ మార్చి ఉంది, పొడవు సర్దుకోవడం వాడికి నిజంగా అవసరం. ట్రాక్ నుంచి వచ్చిన ప్రతిసారీ వాటిని విప్పి, గుడ్డతో తుడిచి, కీలు వేలితో ఊపి చూసి, లూజు కనిపిస్తే మార్చేస్తాడు. వానాకాలంలో ఆ కారు షెడ్డు దాటదు.